తొమ్మిది చుట్లు

నేను కాలేజీలో కౌన్సెలర్ని. పిల్లలు వచ్చి నా ముందు కూర్చుని ఏడుస్తారు. నేను టిష్యూ పెట్టె వాళ్ళ వైపు జరుపుతాను. పక్కవాడి కంటే తక్కువగా ఉన్నామన్న బాధ ఎక్కడ పుడుతుందో, పెరిగి పెద్దదై ఏయే వేషాల్లో బయటికొస్తుందో గంటసేపు చెప్పగలను. అలాంటివాణ్ణి, నలభై ఎనిమిదేళ్ళ వయసులో, ఐదడుగుల మూడంగుళాల ఎత్తుతో, నా ట్రక్కుకి పెద్ద చక్రాలు కావాలని పట్టుబట్టాను. ఎందుకు కావాలనిపిస్తోందో నాకు చక్కగా తెలుసు. కారణం తెలిస్తే జబ్బు సగం తగ్గినట్టేనని మా వృత్తిలో అంటుంటాం. స్టీరింగు ముందు కూర్చునేది ఆ మిగిలిన సగమని మాత్రం ఎవరూ చెప్పరు.

ట్రక్కు నాన్నది. చిన్నది, యాభై ఏళ్ళ నాటిది. గుండ్రటి దీపాలు, వెనక చెక్కలు పరిచిన తొట్టి, మూలుగుతూ తెరుచుకునే తలుపులు. నెలకోసారి మా ఊళ్ళో పాత బండ్ల వాళ్ళంతా కొండ మీద మైదానంలో కలుస్తారు. కిందటి నెల నా ట్రక్కు రెండు భారీ బండ్ల మధ్య నిలబడాల్సి వచ్చింది. ఫొటో స్టూడియో ఆయన వచ్చి దాని చుట్టూ ఒకసారి తిరిగి, "మాస్టారూ, తోపుడుబండి ఇక్కడ పెట్టారేంటి? ఏమన్నా అమ్ముతున్నారా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అందరికంటే ఒక్క క్షణం ఎక్కువసేపు నవ్వాను. నెలంతా నన్ను తినేసింది ఆ మాట కాదు, ఆ ఒక్క క్షణం.

ఆ చక్రాలు కూడా స్టూడియో ఆయన దగ్గరే కొన్నాను. ఆయన తన పెద్ద బండికి ఇంకా పెద్దవి వేసుకుని, పాతవి మూల పడేశాడు. చెంపదెబ్బ కొట్టినవాడి దగ్గరికే వెళ్ళి మందు రాయమన్నట్టుంది నా పని. చక్రాలతో పాటు ఆయన ఒక చిన్న అట్టపెట్టె కూడా ఇచ్చాడు. అందులో గుండ్రటి ఇనుప పళ్ళేలు రెండున్నాయి. ఒక్కోటి ఐదు మిల్లీమీటర్ల మందం, చుట్టూ బోల్టుల కోసం చిల్లులు. "లోపల ఎక్కడన్నా రాసుకుంటే చక్రం వెనక ఒకటి పెట్టండి. చక్రం కాస్త బయటికి జరుగుతుంది, గొడవ వదిలిపోతుంది" అన్నాడు. నేను ఆ పెట్టెని సంచిలో అడుగున పెట్టాను, పైన తువ్వాలు కప్పి. ఏ తప్పూ చేయక ముందే తువ్వాలు ఎందుకు కప్పానో మీరే ఊహించుకోండి.

శనివారం ఉదయం నాలుగు చక్రాలూ తొట్టిలో వేసుకుని అక్క షాపుకెళ్ళాను. మర్నాడే కొండ మీద కలిసేది.

అక్కది టైర్ల షాపు. మూడు వైపులే గోడలు, నాలుగో వైపు రోడ్డు. ఒక మూల పంక్చర్లు చూసే నీళ్ళ తొట్టి, ఇంకో మూల గాలి కొట్టే యంత్రం, పైకప్పు నుంచి వేలాడే సైకిలు ట్యూబులు. అక్కకి యాభై నాలుగు. నీలం రంగు పని బట్టలు, పై జేబులో పెన్ను ఉండాల్సిన చోట సుద్దముక్క. నాన్న పోతూ పోతూ షాపు అక్కకీ, ట్రక్కు నాకూ ఇచ్చాడు. పదహారేళ్ళప్పటి నుంచీ ఆ ట్రక్కు కింద వెల్లకిలా పడుకున్నది అక్క. పైన సీట్లో కూర్చుని హారన్ కొట్టింది నేను. హారన్ కొట్టినవాడికి బండి దక్కింది. దీని గురించి అక్క ఇన్నేళ్ళలో ఒక్క మాట అనలేదు. అనేవాళ్ళకి మా దగ్గర వైద్యం ఉంది. అననివాళ్ళతోనే చావు.

చక్రాలు చూసి అక్క నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఇవి ఎవరికిరా?"

"ట్రక్కుకే అక్కా."

"ట్రక్కుకా, నీకా?"

"ఇద్దరికీ" అన్నాను. నిజాయితీగా ఉండటం నా వృత్తిధర్మం, కనీసం పొద్దున్న పది గంటల దాకా.

"నీ దగ్గరికి ఏడుస్తూ వచ్చే పిల్లలకి ఇదే చెప్తావా? పొట్టిగా ఉన్నావా నాయనా, వెళ్ళి టైర్లు మార్పించుకో అని?"

లోపల కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్న బావ పెద్దగా నవ్వాడు. బావ బరువు నూట పది కిలోలు. వారంలో ఐదు రోజులు లైబ్రరీలో పనిచేస్తాడు. శనివారాలు షాపులో ఆయనకి ఒకటే ఉద్యోగం, అది తర్వాత చెప్తాను.

అక్క ఒక చక్రాన్ని దొర్లించుకుంటూ ట్రక్కు పక్కకి తెచ్చింది. టైరు పక్కనున్న అంకెలు చదివింది. ఎంత బరువు మోస్తుంది, ఏ ఏడాది తయారైంది, అన్నీ చూసి "టైర్లు మంచివే" అంది కొంచెం నిరాశగా. రిమ్ము మధ్య చిల్లు, చక్రం బిగించే హబ్ మీద కుదురుగా కూర్చుంటుందో లేదో కొలిచింది. తర్వాత రిమ్ము వెనక్కి తిప్పి, దాని మీద అడ్డంగా ఒక కర్ర పెట్టి, బోల్టులు బిగించే చోటు ఎంత లోతులో ఉందో చూసింది.

"ఎత్తు చూసి మురిసిపోయావు. ఇది లోపలికి ఎంత వస్తుందో చూశావా?"

"ఎంతొస్తుంది?"

"చాలా వస్తుంది. స్టీరింగు రాడ్డు ఉంది, బ్రేకు గొట్టం ఉంది, అవన్నీ నువ్వొస్తున్నావని లేచి నిలబడవు. ఇంకోటి. చక్రం పెద్దదైతే బ్రేకు పెద్దదవదు. ఇదివరకు ఆగిన చోట ఇప్పుడు ఆగదు, ముందే తొక్కాలి. మీటరు యాభై అంటే నువ్వు యాభై ఐదులో ఉంటావు. నీకు అబద్ధం చెప్పే మీటరు నచ్చుతుందేమోలే."

"సరే అక్కా, పెట్టి చూద్దాం."

"పెట్టి చూస్తా. రాసుకుంటే తీసేస్తా. పాతవి వేసుకుని ఇంటికెళ్తావు. సరిపోయే కొలత రిమ్ములు తెప్పించాలంటే మూడు వారాలు. ఏడవకూడదు."

"ఏడవను" అన్నాను. మూడు వారాలంటే రేపు కాదు. నాకు కావలసింది రేపు.

ఆ షాపులో నాన్న పెట్టిన పద్ధతి ఒకటి ఉంది. చక్రాన్ని షాపువాళ్ళు ఎక్కిస్తారు. నట్లు మాత్రం బండి నడిపేవాడే వేళ్ళతో తిప్పాలి, తిప్పుతూ చుట్లు పైకి లెక్కపెట్టాలి. నట్టు బోల్టు మీద కనీసం ఎనిమిది చుట్లు ఎక్కితేనే దానికి పట్టున్నట్టు. అంతకంటే తక్కువైతే ఆ చక్రం రోడ్డెక్కదు. లెక్కపెడుతున్నంతసేపూ షాపువాళ్ళు అటు తిరిగి ఇంకో పని చేసుకుంటారు. చూడరు, వింటారు. ప్రాణం వాడిది కాబట్టి లెక్క వాడి నోటి నుంచే రావాలనేవాడు నాన్న. లారీ డ్రైవర్లు, పాల వ్యాన్ల వాళ్ళు, స్కూలు బస్సు నడిపే ఆవిడ, అందరూ ఆ గదిలో వంగుని చిన్నపిల్లల్లా ఒకటీ రెండూ చదివినవాళ్ళే. నలభై ఏళ్ళలో ఎవడూ దొంగ లెక్క చెప్పలేదు. చెప్పడానికి కారణం ఏముంటుంది? తన చక్రం ఊడిపోవాలని ఎవడు కోరుకుంటాడు?

నాలుగు చక్రాలూ ఎక్కాయి. నేను లెక్కపెట్టాను. పాత రిమ్ములకి పదకొండు చుట్లు వచ్చేవి, వీటి మందం ఎక్కువ కాబట్టి తొమ్మిది. ప్రతి నట్టుకీ తొమ్మిది. కొత్త నట్లు తళతళలాడుతున్నాయి, మూతి మూసినవి, బోల్టు కొస బయటికి కనపడదు. అక్క తర్వాత పొడుగు రెంచితో ఒకదానికొకటి ఎదురుగా ఉన్న నట్లని వరసగా బిగించింది. సరిపడా బిగువు రాగానే రెంచి టిక్కుమంటుంది. ఆ చప్పుడు వినడానికి అక్క తల కొంచెం పక్కకి వంచుతుంది.

తొట్టిలో ఎనిమిది ఇసుక బస్తాలు వేశాం. అక్క ముందు టైర్ల లోపలి అంచుకి సుద్ద పూసింది.

"ఏవండీ, రండి" అని పిలిచింది.

బావ పేపరు మడిచి, లేచి, ఒళ్ళు విరుచుకుని, హుందాగా నడిచొచ్చి ముందు బంపరు మీద కూర్చున్నాడు. ఇదే ఆయన ఉద్యోగం. స్ప్రింగులు కుయ్యోమని కిందికి దిగాయి. రోడ్డు మీద గుంట వచ్చినప్పుడు బండి ఎంత కుంగుతుందో, బావ కూర్చుంటే అంత కుంగుతుంది.

"కొంచెం ఊగండి."

"ఎంత?"

"స్కూలు దగ్గరి స్పీడ్ బ్రేకరంత."

బావ ఊగాడు. నేను స్టీరింగు ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పాను. అది ఇదివరకటికంటే బరువుగా తిరిగింది. అక్క టార్చి పట్టుకుని కిందికి దూరింది. ఎడమ చక్రం శుభ్రంగా ఉంది. కుడి చక్రం దగ్గర చాలాసేపు ఆగి, బయటికొచ్చింది. నల్లటి వేలి మీద తెల్లటి సుద్ద.

"రాడ్డుకి అంటింది. నాన్న ఒకసారి గేటు స్తంభాన్ని గుద్దాడే, ఆ వంకర కొంచెం ఉండిపోయింది ఈ పక్కన. తీసెయ్."

"ఇంత సుద్దకేనా?"

"ఇంత సుద్ద వేగంలో ఇంత టైరు. తీసెయ్యమన్నానా, తియ్యి. నేను ఆ ట్యూబు సంగతి చూస్తాను." అని నీళ్ళ తొట్టి వైపు వెళ్ళిపోయింది.

నేను కుడి చక్రం కింద జాకీ పెట్టాను. నట్లు విప్పాను. చక్రం తీశాను. అక్కడిదాకా చెప్పిన మాట వినే తమ్ముణ్ణే. ఆ తర్వాత నా చెయ్యి సంచిలోకి వెళ్ళింది, తువ్వాలు కిందికి. ఇలాంటి చోట పిల్లలు నాతో, "సార్, ఎలా చేశానో నాకే తెలీదు" అంటారు. నేను తలాడిస్తాను. తలాడించడం తప్పని ఇప్పుడు తెలిసింది. ఎలా చేశానో నాకు బాగా తెలుసు. ప్రతి అడుగూ తెలుసు. పళ్ళెం మీద కాగితం ఊడదీసి హబ్ మీద పెట్టాను. దాని మీద చక్రం పెట్టాను. మొదటి నట్టు పట్టుకుని గొంతు పెంచాను.

"అక్కా! హబ్ మీద తుక్కుంది. చక్రం సరిగ్గా కూర్చోలేదు, అందుకే అంటింది. తుడిచి మళ్ళీ పెడుతున్నా."

"లెక్కపెట్టు" అంది అక్క, తల తిప్పకుండా.

"ఒకటి... రెండు... మూడు... నాలుగు... ఐదు..."

ఐదున్నర దగ్గర నట్టు ఆగిపోయింది. నా నోరు ఆగలేదు.

"ఆరు... ఏడు... ఎనిమిది... తొమ్మిది."

ఆగిన నట్టు మీద వేళ్ళు ఊరికే జారుతున్నాయి. ఆరు నట్లకి ఆరుసార్లు ఇదే పాడాను. రెండో నట్టుకి గొంతు వణికింది. నాలుగోదానికి అలవాటైపోయింది. ఐదోదానికి, సిగ్గుచేటు, రాగం కూడా వచ్చింది.

అక్క వచ్చి రెంచితో బిగించింది. టిక్కుమంది. రెంచికి బిగువే తెలుసు, లోతు తెలియదు. మళ్ళీ సుద్ద, మళ్ళీ బావ, మళ్ళీ ఊగుడు. అక్క టార్చితో కిందికి దూరి బయటికొచ్చింది. వేలి మీద ఏమీ లేదు.

"నిజమేరా. తుక్కే అయ్యుంటుంది" అంది. ఆ మాట అంటూ నా భుజం తట్టింది. సుద్ద చేతి గుర్తు నా చొక్కా మీద పడింది. "నాకు తట్టలేదు చూడు."

అక్కకి తట్టనిది నాకు తట్టిందని అక్క ఒప్పుకోవడం నా జీవితంలో అదే మొదలు. పదేళ్ళ పిల్లాడిలా పొంగిపోయాను. దొంగ మార్కులకి అంత సంతోషం ఎలా వస్తుందో, దాని మీద ఎవరైనా పరిశోధన చెయ్యాలి.

అప్పుడు అక్క తాళాల కోసం చెయ్యి చాపింది.

"దేనికి?"

"ఈ షాపులో ఏ బండికైనా కొత్త చక్రాలతో మొదటి కిలోమీటరు నాది. మర్చిపోయావా? కింద వంతెన దాకా వెళ్ళి చుట్టి వస్తా. డౌన్లో బ్రేకు ఎంత పడుతుందో చూడాలి."

నేను మర్చిపోలేదు. అసలు అక్కడిదాకా ఆలోచించలేదు. నా బుర్ర రేపటి మైదానంలో తిరుగుతోంది, స్టూడియో ఆయన మొహం చూస్తోంది.

"ఇవాళ వద్దులే అక్కా. నేనే మెల్లగా..."

"మెల్లగా వెళ్ళే మొహమైతే ఇవెందుకు? తాళాలివ్వు."

ఇచ్చాను. బావ అప్పటికే వెనక తొట్టి ఎక్కి, ఇసుక బస్తాల మీద ఊరేగింపులో కూర్చున్నట్టు కూర్చున్నాడు. "గాలి బాగుంటుంది బామ్మర్దీ" అన్నాడు నాతో. ఆయనకి లైబ్రరీలో గాలి ఆడదు.

అక్క ఎక్కింది. చెప్పడానికి ఇదే సమయమని నాకు తెలుసు. నోరు తెరిచాను కూడా. తెరిచి, అటువైపు తలుపు తీసి నేనూ ఎక్కి కూర్చున్నాను. ఆ క్షణంలో నా మనసు చూపించిన తర్కం ఇది: నేనూ పక్కనే ఉంటే అది మోసం అవదు. ఏం జరిగినా ముగ్గురికీ జరుగుతుంది, లెక్క సమానం. నిజం చెప్పడం కంటే చావడం తేలికని అంత గంభీరంగా అనిపించడం చూసి, నాలో కౌన్సెలర్ అనేవాడు కుర్చీ వెనక్కి జరుపుకుని లేచి వెళ్ళిపోయాడు.

ట్రక్కు కదిలింది. ఎత్తు నిజంగానే బాగుంది. పక్కనున్న కార్ల పైకప్పులు కనపడుతున్నాయి. అక్క రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని ఇంజను చప్పుడు వింటోంది. చాలా ఏళ్ళ తర్వాత ఆ సీట్లో అక్కని చూస్తున్నాను. మొహంలో ఏదో వెలుగు.

"బాగుందిరా" అంది. "నాన్న చూస్తే తిట్టేవాడు గానీ, బాగుంది."

బడి దాటాం. బట్టలు కుట్టే షాపు దాటాం. కుడివైపు నుంచి సన్నగా ఏదో చప్పుడు. వచ్చిందా, నా చెవుల్లో ఉందా తెలియలేదు. ఎదురుగా రోడ్డు వంగి కిందికి దిగుతోంది.

"అక్కా, నాకు ఒక విషయంలో కొంచెం ఇబ్బందిగా అనిపిస్తోంది."

"వాంతి వస్తోందా? తల బయట పెట్టు."

"అది కాదు. దాని గురించి మనం మాట్లాడుకోవాలి."

"ఆఫీసు భాష మాట్లాడకు. ఏంటో చెప్పు, డౌన్ వస్తోంది."

"తొమ్మిది కాదు."

"ఏది తొమ్మిది కాదు?"

"లెక్క. కుడి చక్రం. ఐదున్నర."

అక్క బ్రేకు తొక్కలేదు. యాక్సిలరేటరు మెల్లగా వదిలేసింది, గేరు తగ్గించింది, బండిని తనంతట తాను నెమ్మదించనిచ్చి పెట్రోలు బంకు ముందున్న ఖాళీ జాగాలోకి తిన్నగా తీసుకెళ్ళి ఆపింది. స్టీరింగు ఒక్క వేలంత కూడా తిప్పలేదు. దిగింది. నేనూ దిగాను.

"అప్పుడే అయిపోయిందా?" అన్నాడు బావ పైనుంచి.

"దిగండి" అంది అక్క. బావ ఆ గొంతు విని ఏమీ అడక్కుండా దిగాడు.

అక్క కుడి చక్రం ముందు కూర్చుని స్పానర్ పెట్టింది. ఆరు నట్లలో రెండు బలం పెట్టకుండానే తిరిగాయి. వచ్చింది ముప్పావు కిలోమీటరు. బావ ఆ నట్లకేసి చూశాడు, తను కూర్చున్న బస్తాలకేసి చూశాడు, ముందున్న డౌనుకేసి చూశాడు. జేబులోంచి రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

చక్రం తీసి, వెనకనున్న పళ్ళేన్ని గోటితో ఊడదీసి, అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. తిట్లకి సిద్ధపడి నిలబడ్డాను. తిట్లయితే బాగుండేది, తిట్ల కింద దాక్కోవచ్చు.

"ఇది పెట్టావు, సరే" అంది. "చాలామంది పెడతారు. పొడుగు బోల్టులు వేసి పెడితే నేనే కాదనను. అడిగుంటే బోల్టులు చూసేదాన్నేమో. కానీ అంకె చెప్పావు కదరా."

"తప్పే అక్కా."

"ఆరుసార్లు చెప్పావు. నేను అటు తిరిగి వింటున్నాను."

నేను చదివిన పుస్తకాలన్నిట్లోనూ ఈ చోట మనిషి తన లోపల ఏం జరుగుతోందో చెప్తాడు, ఎదుటి మనిషి అర్థం చేసుకుంటుంది. నా లోపల ఏం జరుగుతోందో చెప్పాను. నా ఎత్తు గురించి, మైదానం గురించి, తోపుడుబండి మాట గురించి, షాపులో తను భుజం తట్టినప్పుడు వచ్చిన సంతోషం గురించి కూడా. అక్క అంతా విని, "జాకీ పట్టుకో" అంది.

పళ్ళెం లేకుండా చక్రం ఎక్కించి, స్టీరింగు చివరిదాకా తిప్పాల్సిన పని పడకుండా, విశాలమైన మలుపులు వెతుక్కుంటూ, నడిచే మనిషి వేగంతో షాపుకి తిరిగొచ్చాం. బావ వెనక ఎక్కలేదు. నడిచే వచ్చాడు, మాకంటే ముందు చేరాడు. పాత చక్రాలు వేసుకుని ఇంటికెళ్ళాను. ఆదివారం కొండ మీదికి వెళ్ళలేదు. స్టూడియో ఆయన ఫోను చేసి, "మాస్టారూ, మీ బండి రాలేదు. బేరం ఉందనుకున్నామే!" అన్నాడు. ఈసారి నవ్వడం మర్చిపోయాను. ఆయనే ఇబ్బందిపడి ఫోను పెట్టేశాడు.

మూడు వారాలకి అక్క తెప్పించిన రిమ్ములు వచ్చాయి. నేను కోరినంత పెద్దవి కావు, పాతవాటికంటే ఒక అంగుళం పెద్దవి. వేటికీ తగలవు. షాపుకెళ్ళేసరికి స్కూలు బస్సావిడ తన వెనక చక్రం ముందు కూర్చుని పైకి లెక్కపెడుతోంది. అక్క అటు తిరిగి ట్యూబుకి అతుకు వేస్తోంది.

నా వంతు వచ్చింది. నేను మొదటి నట్టు తీసుకోగానే అక్క చేతిలో పని కింద పెట్టింది. ఒక పీట తెచ్చి, నా పక్కన వేసి, దాని మీద కూర్చుంది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నా వేళ్ళకేసి చూడసాగింది. కోపం లేదు, వెటకారం లేదు. మరుగుతున్న పాలకేసి చూసినట్టు చూస్తోంది.

బస్సావిడకి ఇది వింతగా కనిపించింది.

"ఏంటమ్మా, తమ్ముడికి ఒంట్లు రావా? కాలేజీలో చెప్తాడంటివి!"

"వచ్చు" అంది అక్క, చూపు తిప్పకుండా. "ఎన్ని కావాలంటే అన్ని వచ్చు."

బావ పేపరు వెనక దగ్గాడు. నేను నట్టు తిప్పాను. అక్క తల నా వేళ్ళతో పాటు కొంచెం కొంచెం ఆడుతోంది.

"పైకి చెప్పు" అంది.

"ఒకటి" అన్నాను.